బెంగళూరులో నర్సింగ్ చదవాలనుకుంటే: ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీల్లో ఏది ఎవరికి సరిపోతుంది

మా అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచీ, అటు పాలమూరు నుంచీ ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, పాపని బెంగళూరులో నర్సింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం, ఒకాయన సీటు ఇప్పిస్తానంటున్నాడు, కట్టేయమంటావా?" అని. ఏ కోర్సు అని అడిగితే "నర్సింగే అక్కా" అంటారు. కాలేజీ పేరు మాత్రం టకీమని చెప్తారు, ఆ కాలేజీ పిల్లలు డ్యూటీకి ఏ ఆసుపత్రికి వెళ్తారో అడిగితే మాత్రం ఫోన్లో అటువైపు నుంచి జవాబు రాదు. నేను ఇక్కడే చదివి, ఇక్కడే ఐసీయూలో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు వార్డులో పని నేర్పేది కూడా మాలాంటి సీనియర్లమే. అందుకే ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బైపీసీ చదివి ఉండి, నాలుగేళ్ల ఖర్చు ఇంట్లోవాళ్లు అప్పుల్లో మునగకుండా భరించగలిగితే బీఎస్సీ చేయండి. అది కుదరకపోతే జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ, అంటే నర్సింగ్ డిప్లొమా) చేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. అయితే సొంత ఆసుపత్రి లేని కాలేజీలో బీఎస్సీ కంటే, ఎప్పుడూ రోగులతో నిండి ఉండే ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న స్కూల్లో జీఎన్ఎం నూటికి నూరుపాళ్లూ మేలు. ఈ మాట చెప్తే చాలామంది తల్లిదండ్రులకు నచ్చదు, "డిగ్రీ డిగ్రీయే కదా" అంటారు. ఎందుకు కాదో కింద వివరంగా రాస్తాను.

ఏ కోర్సు ఎవరికి

ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్లు, ఆడపిల్లలకు మాత్రమే, ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్లేదు. ఇది ఊళ్లో, సబ్‌సెంటర్లో పనిచేయడానికి పెట్టిన కోర్సు. టీకాలు వేయడం, గర్భిణులకు చెకప్‌లు, ఇంటింటి సర్వేలు, కాన్పయ్యాక తల్లినీ బిడ్డనీ చూసుకోవడం, ఇలాంటి పని. మన దగ్గర ఈ పోస్టునే ఎంపీహెచ్ఏ ఫీమేల్ అంటారు. ఆంధ్రాలో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఏఎన్ఎం గ్రేడ్-3 పోస్టులు తీసినప్పుడు ఈ కోర్సు చేసినవాళ్లకు బాగా కలిసొచ్చింది. సొంత మండలంలో ఉంటూ ప్రభుత్వ ఉద్యోగం చేయాలన్నదే కోరిక అయితే ఇది మంచి దారే, కానీ దానికోసం బెంగళూరు దాకా రావాల్సిన పనిలేదు. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రుల్లో ఏఎన్ఎం చేసినవాళ్లకి స్టాఫ్ నర్సు హోదా ఇవ్వరు, పని మాత్రం ఇంచుమించు అంతే చేయించుకుంటారు, జీతం దగ్గరికి వచ్చేసరికి కోత. ఇప్పటికే ఏఎన్ఎం చేసి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు జీఎన్ఎంలో చేరే వీలుంది, ఇక్కడ పనిచేయాలనుకుంటే ఆ అడుగు వేయడమే నయం.

జీఎన్ఎం మూడేళ్లు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఇంటర్‌లో సైన్స్ ఉంటే మంచిదంటారు గానీ తప్పనిసరి కాదు, సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు కూడా చేరొచ్చు. మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో 40 శాతం మార్కులు ఉండాలి. అబ్బాయిలు కూడా చేరొచ్చు. "జీఎన్ఎం ఎత్తేస్తున్నారట కదక్కా" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఒక దశలో అలా అనుకున్న మాట నిజమే, తర్వాత ఆ ఆలోచన పక్కన పెట్టారు. కోర్సు నడుస్తూనే ఉంది, చేసినవాళ్ల సర్టిఫికెట్‌కి వచ్చిన ఢోకా ఏమీ లేదు.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, 2021లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం ఎనిమిది సెమిస్టర్లు. దీనికి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాల్సిందే, 45 శాతం మార్కులు కావాలి, ఎస్సీ ఎస్టీలకు ఐదు శాతం సడలింపు ఉంటుంది. కర్ణాటకలో ఎక్కువ కాలేజీలు రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కింద ఉంటాయి, డీమ్డ్ యూనివర్సిటీలు కొన్ని విడిగా ఉన్నాయి.

ఇంకో దారి కూడా ఉంది. జీఎన్ఎం చేసి, రిజిస్ట్రేషన్ తీసుకుని, తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు. లెక్కేస్తే మొత్తం ఐదేళ్లు, నేరుగా బీఎస్సీ చేసినదానికంటే ఒక ఏడాది ఎక్కువ. కానీ మధ్యలో రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, ఆ డబ్బుతోనే చదువుకునే వీలుంటుంది. ఇంట్లో తమ్ముడి చదువో చెల్లి పెళ్లో ఉన్న పిల్లలు చాలామంది ఇలాగే పైకొచ్చారు, మా యూనిట్లోనే ఉన్నారు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది వార్డులో జీఎన్ఎంకీ బీఎస్సీకీ పనిలో తేడా ఏమీ కనిపించదు. అదే యూనిఫాం, అదే నైట్ డ్యూటీ, తెల్లవారుజామున అందరూ చూడాల్సింది అవే బీపీలు, అవే యూరిన్ అవుట్‌పుట్‌లు. జీతంలో తేడా కూడా మొదట్లో కొద్దిగానే ఉంటుంది. తేడా బయటపడేది ఐదారేళ్లు గడిచాక. ఇన్‌ఛార్జ్ పోస్టు, కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చే నర్స్ ఎడ్యుకేటర్ పోస్టు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, క్వాలిటీ విభాగం, వీటన్నిటికీ పెద్ద ఆసుపత్రులు బీఎస్సీ అడుగుతున్నాయి. ఎమ్మెస్సీ చేయాలన్నా బీఎస్సీ గానీ పోస్ట్ బేసిక్ గానీ ఉండాలి, దానిపైన ఏడాది అనుభవం ఉండాలి.

చివరికి ఎక్కడ పనిచేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి

చాలామంది కోర్సు ఎంచుకుని తర్వాత ఉద్యోగం సంగతి చూస్తారు. తిరగేసి ఆలోచిస్తే తేలిగ్గా ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం మీద కన్ను ఉందా? అయితే ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్ పరీక్ష గురించి ఇప్పుడే తెలుసుకోండి. 2020 నుంచి నడుస్తోంది, మన మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో పోస్టులు కూడా దీని ద్వారానే నింపుతారు. బీఎస్సీ వాళ్లు చదువు అయిపోయి రిజిస్ట్రేషన్ రాగానే రాయొచ్చు. జీఎన్ఎం వాళ్లకి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. వయసు పరిమితి 30 ఏళ్లు, రిజర్వేషన్ల సడలింపు వేరే. నర్సింగ్ ఆఫీసర్‌కి బేసిక్కే 44,900, పైన డీఏ, మిగతా అలవెన్సులు. రైల్వేలో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టు కూడా అదే లెవెల్, దానికి జీఎన్ఎం సరిపోతుంది. అంటే జీఎన్ఎం చేస్తే సర్కారు కొలువు రాదన్న మాట తప్పు, కాకపోతే కొన్నిచోట్ల రెండేళ్లు ఆగాలి. ఆ రెండేళ్లు ఏ నర్సింగ్ హోంలో గడిపారో అప్పుడు లెక్కలోకి వస్తుంది. పది పడకల క్లినిక్‌లో చేసిన అనుభవం అక్కడ చెల్లదు, కాబట్టి మొదటి ఉద్యోగం ఎంచుకునేటప్పుడే పడకల సంఖ్య అడగండి.

ఆడపిల్లలకు ఇంకో మంచి దారి ఉంది, దాని గురించి మన ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. అదే మిలిటరీ నర్సింగ్ సర్వీస్. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆసుపత్రుల కింద ఆరు నర్సింగ్ కాలేజీలు, అన్నీ కలిపి 220 సీట్లు, అందులో ఒకటి మన బెంగళూరులోనే, ఎయిర్‌ఫోర్స్ కమాండ్ హాస్పిటల్‌లో ఉంది. నీట్ స్కోరుతో పిలుస్తారు, తర్వాత వాళ్ల పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ ఉంటాయి. చదువుకి ఫీజు లేదు, స్టైపెండ్ ఇస్తారు, పూర్తయ్యాక లెఫ్టినెంట్ హోదాలో చేరతారు. ఇన్నేళ్లు తప్పక పనిచేయాలనే బాండ్ ఉంటుంది, దేశంలో ఎక్కడికి బదిలీ చేసినా వెళ్లాలి. ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ రాసి ర్యాంకు రాలేదని ఇంట్లో కూర్చుని ఏడుస్తున్న పిల్లలున్నారు కదా, ఆ స్కోరుతో ఇక్కడ దరఖాస్తు పెట్టమని నేను ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను. మార్కులు బాగానే ఉండాలి, తేలిక అనుకోకండి.

బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రుల్లో పనిచేయాలనుకుంటే బీఎస్సీ అయినా జీఎన్ఎం అయినా తీసుకుంటారు. ఫ్రెషర్స్‌కి నాకు తెలిసినంతలో 20,000 అటూ ఇటూగా మొదలవుతుంది, ఈ ఊరి అద్దెలకు అది చాలా తక్కువ. సుప్రీంకోర్టు 2016లో ప్రైవేటు నర్సుల జీతాల మీద కమిటీ వేయమంటే, ఆ కమిటీ 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా 20,000కి తగ్గకూడదని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు వచ్చి ఇన్నేళ్లయినా చాలాచోట్ల కాగితం మీదే ఉంది, దాని గురించి నాకు బాధా కోపం రెండూ ఉన్నాయి. చేరేవాళ్లు మాత్రం ఆ అంకె గుర్తు పెట్టుకుని మాట్లాడండి. హాస్టల్ ఇస్తున్నారా, భోజనానికి జీతంలోంచి కోస్తున్నారా, షిఫ్టు ఎనిమిది గంటలా పన్నెండు గంటలా, నెలకి ఎన్ని నైట్లు, ఇవన్నీ కలిపి లెక్కేస్తే గానీ అసలు జీతం ఎంతో తెలియదు.

విదేశాల సంగతికొస్తే, యూకేకి ఇంగ్లిష్ పరీక్ష ముందు దాటాలి. ఐఈఎల్‌టీఎస్‌లో చదవడం, వినడం, మాట్లాడటంలో 7, రాయడంలో 6.5 రావాలి, లేదా వైద్యరంగం వాళ్లకి పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ. తర్వాత కంప్యూటర్ మీద రాసే సీబీటీ, అక్కడికెళ్లాక చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ. అమెరికాకి ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, దాని పరీక్షా కేంద్రం బెంగళూరులోనే ఉంది, పాసవడం ఒక ఎత్తయితే మనవాళ్లకి గ్రీన్ కార్డు వెయిటింగ్ ఏళ్ల తరబడి సాగడం ఇంకో ఎత్తు. జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష కావాలి. గల్ఫ్‌కి అనుభవం, లైసెన్స్ పరీక్ష, వీటితోపాటు డేటాఫ్లో అనే వెరిఫికేషన్ ఉంటుంది, మీ కాలేజీకీ మీరు పనిచేసిన ఆసుపత్రికీ నేరుగా రాసి కనుక్కుంటారు. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టినవాళ్లు దొరికిపోయేది అక్కడే. ఈ దేశాల్లో ఎక్కువచోట్ల జీఎన్ఎం చేసినవాళ్లనీ తీసుకుంటారు, బీఎస్సీ ఉంటే కొన్నిచోట్ల పని సులువవుతుంది, అంతే. తెలంగాణ వాళ్లకి టామ్‌కామ్, ఆంధ్రా వాళ్లకి ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, ప్రైవేటు ఏజెంటుకి లక్షలు పోసేముందు అక్కడ ఒకసారి అడగండి. రిజిస్టరైన ఏజెంటు సర్వీస్ ఛార్జీగా 30,000, దానిమీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదన్నది రూలు.

పాఠాలు చెప్పాలని ఉంటే ఎమ్మెస్సీ తప్పదు, రెండేళ్లు. కానీ బీఎస్సీ అవ్వగానే ఏడాది ఎక్కడో పేరుకి పనిచేసి ఎమ్మెస్సీలోకి దూకకండి. వార్డులో నాలుగేళ్లు నిలబడ్డ మేడం చెప్పే పాఠం వేరుగా ఉంటుంది, పిల్లలకు అది వెంటనే తెలిసిపోతుంది.

కాలేజీ బిల్డింగ్ కాదు, ఆసుపత్రి చూడండి

ఇక్కడే ఎక్కువ రాయాలనుకున్నాను, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే.

నర్సింగ్ కాలేజీ పెట్టాలంటే 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని కౌన్సిల్ నిబంధన. కాగితం మీద అందరూ చూపిస్తారు. మీరు చేయాల్సింది ఒక్కటే. కాలేజీ చూడటానికి వచ్చినప్పుడు "మీ ఆసుపత్రి ఎక్కడ సార్?" అని అడిగి, నడుచుకుంటూ వెళ్లి ఓపీ దగ్గర అరగంట కూర్చోండి. ఉదయం పది గంటలకి ఓపీ ఖాళీగా ఉంటే, వార్డులో మంచాల మీద దుప్పట్లు ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటే ఇంక వేరే ఎవరినీ అడగక్కర్లేదు. "మా పిల్లలు సిటీలో పెద్ద పెద్ద ఆసుపత్రులకి పోస్టింగ్‌కి వెళ్తారు" అంటే, ఏ ఆసుపత్రి, ఏ వార్డు, ఏడాదికి ఎన్ని వారాలు, బస్సు ఎవరిది అని అడగండి. ఆ తర్వాత హాస్టల్ గేటు దగ్గర మూడో ఏడాది చదివే అమ్మాయితో మాట్లాడండి. తెలుగు పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉంటారు, పలకరిస్తే ఉన్నదున్నట్టు చెప్తారు. "నువ్వు ఇప్పటిదాకా ఎన్ని కాన్పులు దగ్గరుండి చూశావమ్మా?" అని ఒక్క ప్రశ్న చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఉద్యోగానికి వచ్చే పిల్లల్ని మేం వార్డులో చూస్తాం. ఇంటర్వ్యూ రోజు ఒక చిన్న లెక్క అడుగుతాం: 500 ఎంఎల్ సెలైన్ ఎనిమిది గంటల్లో పోవాలి, సెట్ ఎంఎల్‌కి 20 చుక్కలది, నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావ్? ఐదొందల్ని ఇరవైతో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే దాదాపు 21. వార్డులో నిలబడి పనిచేసిన పిల్ల, జీఎన్ఎం అయినా సరే, వేళ్ల మీద లెక్కేసుకుని చెప్పేస్తుంది, ఆ వెంటనే "ఎంఎల్‌కి 60 చుక్కల మైక్రో సెట్ అయితే అరవై రెండు, అరవై మూడు మేడం" అని కూడా అంటుంది. పొటాషియం క్లోరైడ్ నేరుగా ఐవీలోకి తోసేయొచ్చా అని అడిగితే, అలా తోస్తే గుండె ఆగిపోవచ్చని తెలుసు కాబట్టి ముఖంలో రంగు మారుతుంది, "అయ్యో, వద్దు మేడం, డైల్యూట్ చేసి మెల్లగా ఎక్కించాలి" అంటుంది. ఆ ముఖంలో రంగు మారడం పుస్తకం చదివితే రాదు. ఆసుపత్రి లేని కాలేజీ నుంచి బీఎస్సీ ఫస్ట్ క్లాస్‌లో వచ్చిన పిల్ల అదే ప్రశ్నకి ఆలోచిస్తూ నిలబడిపోతుంది. తప్పు ఆ పిల్లది కాదు, నాలుగేళ్లు ఫీజు కట్టించుకుని కేస్ బుక్కులు ఒకరిది చూసి ఒకరితో రాయించిన కాలేజీది. అలాంటి పిల్ల మొదటి ఆరు నెలలు డ్యూటీకి వచ్చిన ప్రతిరోజూ భయంతోనే గడుపుతుంది, కొందరు ఆ భయంతోనే మానేసి మెడికల్ కోడింగ్ వైపు వెళ్లిపోతారు.

బెంగళూరు గొప్పతనం కూడా ఇక్కడే ఉంది. నిమ్‌హాన్స్, కిద్వాయ్, జయదేవ, విక్టోరియా, వాణివిలాస్, బౌరింగ్, సెయింట్ జాన్స్, బొమ్మసంద్ర నారాయణ, మణిపాల్, రామయ్య. మెదడు, క్యాన్సర్, గుండె, కాన్పు, ఏ రోగానికైనా పేరున్న ఆసుపత్రి ఒకే ఊళ్లో దొరుకుతుంది. సరైన కాలేజీలో పడితే మూడేళ్లలో చూసే కేసులు చిన్న ఊళ్లో పదేళ్లు చేసినా చూడలేరు. కిద్వాయ్‌లో, జయదేవలో, నిమ్‌హాన్స్‌లో మన అనంతపురం, చిత్తూరు రోగులు బోలెడంతమంది, కోలారు వైపు వాళ్లు కూడా తెలుగు మాట్లాడతారు. మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దామె రెండు రోజులు డాక్టర్లకి ఏం చెప్పాలో తెలియక దేనికైనా తలూపుతూ ఉండిపోయింది. మన సిస్టర్ ఒకమ్మాయి పక్కన కూర్చుని "అవ్వా, మెట్లెక్కితే ఆయాసమా, పడుకుంటే ఆయాసమా?" అని అడిగితే అప్పుడు నోరు తెరిచి, రాత్రంతా గోడకానుకుని కూర్చునే నిద్రపోతున్నానని చెప్పింది. పడుకుంటే ఊపిరాడకపోవడం గుండె జబ్బులో ఎంత ముఖ్యమైన సంగతో నర్సింగ్ చదివినవాళ్లకి తెలుసు. ఆ మాట కేస్ షీట్‌లోకి ఎక్కింది ఆ అమ్మాయి వల్లే.

కన్నడ మాత్రం నేర్చుకోవాల్సిందే. మనకి కష్టం కాదు, శ్రద్ధ పెడితే నాలుగైదు నెలల్లో రోగితో మాట్లాడేంత వస్తుంది.

సొంత రాష్ట్రమా, బెంగళూరా

డబ్బు సంగతి నిజాయితీగా చూసుకుంటే, మన రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీలో గానీ కన్వీనర్ కోటాలో గానీ సీటు వస్తే, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంటే, బెంగళూరు మేనేజ్‌మెంట్ సీటు కోసం దాన్ని వదులుకోకండి. రాష్ట్రం దాటితే ఆ రీయింబర్స్‌మెంట్ సాధారణంగా రాదు. కర్నూలు, తిరుపతి, విశాఖ, గుంటూరు, హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో రోగులకేం కొదవలేదు, అక్కడ చదివిన పిల్లలు ఇక్కడికొచ్చి బ్రహ్మాండంగా పనిచేస్తున్నారు.

ఇప్పటికే ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల లెక్క వేరు. పిల్లలు ఒకటి నుంచి పన్నెండో తరగతి మధ్యలో కనీసం ఏడేళ్లు కర్ణాటకలో చదివి ఉంటే కర్ణాటక ప్రభుత్వ పరీక్షల సంస్థ కేఈఏ కౌన్సెలింగ్‌లో ప్రభుత్వ కోటా సీటుకి అర్హత వస్తుంది, మిగతా షరతులు కూడా చూసుకోవాలి. బీఎస్సీ నర్సింగ్‌లో ఆ కోటా సీట్లు ఇప్పుడు కేసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారానే ఇస్తున్నారు. మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియక నేరుగా కాలేజీకి వెళ్లి డొనేషన్ కట్టేస్తున్నారు. కేసెట్ ఇంజనీరింగ్ వాళ్లకే అనుకుంటే పొరపాటు.

"ఇక్కడ చదివితే ఊళ్లో నాన్‌లోకల్ అయిపోతామా?" అన్నది ఇంకో టెన్షన్. ఉద్యోగాలకు స్థానికత చూసేది బడి చదువును బట్టి. ఆంధ్రాలో పదో తరగతితో కలిపి అంతకుముందు వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నది, తెలంగాణలో ఒకటి నుంచి ఏడు వరకు ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్నది చూస్తారు. నర్సింగ్ ఎక్కడ చేశారన్నదానితో సంబంధం లేదు. అయితే ఇక్కడి కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లు ఊరికెళ్లి పనిచేయాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. నోటిఫికేషన్ పడ్డాక పరుగులు పెట్టేవాళ్లని చూస్తుంటాను. వెళ్లాలని అనుకున్న రోజే ఆ పని మొదలుపెట్టండి, కాగితాలు కదలడానికి నెలలు పడుతుంది.

ఏజెంట్ల గురించి ఎక్కువ రాయను. కాలేజీకి రాకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనే వాళ్లున్నారు, ఆ వైపు చూడొద్దు, రేపు మీ చేతిలో పడేది ఒక మనిషి ప్రాణం. ఫీజు మొత్తం కాలేజీ ఖాతాకే, రసీదుతో కట్టండి. నాలుగేళ్ల మొత్తం రాతపూర్వకంగా అడగండి: ట్యూషన్, హాస్టల్, మెస్, యూనిఫాం, పరీక్ష ఫీజు, క్లినికల్ ఫీజు, బస్సు. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్స్ ఏజెంటు చేతికి ఇవ్వకండి. కాలేజీ పేరు రాష్ట్ర కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో, బీఎస్సీ అయితే యూనివర్సిటీ జాబితాలో ఆ ఏడాదికి ఎన్ని సీట్లకు అనుమతి ఉందో చూసుకోండి. లోన్ కావాలంటే విద్యాలక్ష్మి పోర్టల్ ఉంది, మంజూరు అయ్యేలోపు ఏజెంటు తొందరపెడితే ఆ తొందర అతని కమిషన్‌ది, మీది కాదు.

అబ్బాయిలకు, ఇంకా తేల్చుకోలేనివాళ్లకు

తమ్ముళ్లూ, మీరు రావాలి. ఐసీయూ, ఎమర్జెన్సీ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, సైకియాట్రీ, ఇక్కడ బ్రదర్లు, అంటే మగ నర్సులు, లేకపోతే మాకు పని నడవదు. అయితే ఒకటి తెలిసి రండి: ఎయిమ్స్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్లకే, మిలిటరీ నర్సింగ్, ఏఎన్ఎం మీకు లేవు. అందుకే అబ్బాయిలకు నా సలహా ఏంటంటే, రెండేళ్లు ఐసీయూలో గట్టిగా పనిచేసి క్రిటికల్ కేర్‌లో గానీ ఎమర్జెన్సీలో గానీ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా చేయండి. ఈ ఏడాది డిప్లొమాలు క్యాన్సర్, పసిపిల్లల ఐసీయూ, గుండె ఆపరేషన్లు, ఇలా చాలా విభాగాల్లో ఉన్నాయి, నిమ్‌హాన్స్‌లో సైకియాట్రిక్ నర్సింగ్‌కి మంచి పేరు. జీఎన్ఎం వాళ్లు కూడా చేరొచ్చు.

కొందరు ఏజెంట్లు నర్సింగ్ సీటు లేదనగానే "డయాలసిస్ టెక్నాలజీ, ఓటీ టెక్నాలజీ కూడా ఇలాంటిదే" అని చేర్పించేస్తారు. అవి మంచి కోర్సులే, పని దొరుకుతుంది, కానీ అవి చదివితే నర్సు అవ్వరు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు, నార్సెట్ రాయలేరు. రక్తం చూస్తే తట్టుకోగలను, మెషిన్ల మీద పని ఇష్టం, రాత్రింబగళ్లు రోగి పక్కనే ఉండటం నా వల్ల కాదు అనుకునేవాళ్లకి అవే సరిపోతాయి. తెలిసి చేరండి, అంతే.

ఈ మధ్య కదిరి దగ్గర్నుంచి ఒక నాన్న ఫోన్ చేశాడు. పాపది బైపీసీ, 60 శాతం పైనే మార్కులు. ఒకవైపు మిషనరీ ఆసుపత్రి స్కూల్లో జీఎన్ఎం సీటు, ఫీజు తక్కువ, పడకలు మూడొందల పైన, ఎప్పుడూ నిండే ఉంటాయి. ఇంకోవైపు నగర శివార్లలో కొత్త కాలేజీలో బీఎస్సీ, మేనేజ్‌మెంట్ సీటు, దానికోసం చేను తాకట్టు పెట్టాలి, పిల్లలు డ్యూటీకి రోజూ గంటన్నర బస్సులో ఎవరిదో ఆసుపత్రికి వెళ్లాలి. ఏది చేయమంటావమ్మా అని అడిగాడు. చేను అలాగే ఉంచుకోమన్నాను. జీఎన్ఎంలో చేర్పించి, మూడేళ్లయ్యాక 50 పడకలకి తగ్గని ఆసుపత్రిలో రెండేళ్లు చేయించమన్నాను, అప్పటికి నార్సెట్ రాయొచ్చు, ఈలోపే రైల్వే నోటిఫికేషన్ పడితే అదీ రాయొచ్చు, పాప జీతంతోనే పోస్ట్ బేసిక్ కూడా చదువుకోవచ్చు. ఇదే పాపకి మన రాష్ట్రంలో కన్వీనర్ కోటాలోనో కర్నూలు ప్రభుత్వ కాలేజీలోనో బీఎస్సీ సీటు వచ్చి ఉంటే ఒక్క క్షణం ఆలోచించకుండా బీఎస్సీకే పంపమనేదాన్ని. రెండో విడత కౌన్సెలింగ్ ఇంకా ఉందేమో కనుక్కుని, అది అయ్యేదాకా ఎవరికీ అడ్వాన్స్ కట్టొద్దని చెప్పాను.